సముద్రం కనబడే గది

"సముద్రం కనబడే గదికి రెట్టింపు అద్దెనా? ఆ సముద్రమేమన్నా గదిలోకొచ్చి కాళ్ళు పడుతుందిటే?"

అత్తగారు కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, లెక్క రాసిన కాగితం మీద పెన్సిలుతో అడ్డంగా ఒక గీత గీసింది. కోడలు కుట్టుమిషన్ ఆపి, లేచొచ్చి, రబ్బరుతో ఆ గీతను శుభ్రంగా చెరిపేసింది. పొద్దుట్నుంచీ ఇదే వరస.

గుండీలు, దారాలు, లేసులు అమ్మే ఆ చిన్న కొట్లో మధ్యాహ్నం పూట పెద్దగా బేరాలుండవు. గల్లాపెట్టె దగ్గర అత్తగారు, మూలనున్న పాత మిషన్ దగ్గర కోడలు. ఆ ఇంటికి కోడలొచ్చి మూడేళ్ళు. ఇన్నాళ్ళలో ఇద్దరి మధ్యా గట్టిగా ఒక మాట నడిచింది లేదు. ఇవాళ మాత్రం ఈ విదేశీ ప్రయాణం దగ్గర పీటముడి పడింది. వారం రోజుల ప్రయాణం. ఈ ధర సాయంత్రం వరకే ఉంటుందని టికెట్ల ఏజెంటు తేల్చి చెప్పాడు. ఆలోపు అత్తగారి చేత ఊఁ అనిపించకపోతే ఈ ప్రయాణం ఇక ఈ జన్మకు లేనట్టేనని కోడలి భయం.

"పోనీ, టాక్సీ కొట్టేద్దాం. విమానం దిగాక బస్సెక్కితే సరి," అంది అత్తగారు.

"సామాన్లతో బస్సా అత్తయ్యా?"

"వారానికి ఎన్ని సామాన్లే! నాలుగు జతల బట్టలు, ఓ తువ్వాలు."

"సరే, కొట్టేయండి."

"పడవ షికారు?"

"కొట్టేయండి."

"చిల్లర సరదాలు అని రాశావు, అవేమిటి? సరదాలకు మళ్ళీ చిల్లర కూడానా?"

"ఐస్‌క్రీములూ అవీ. సగం చేయండి."

అత్తగారు పెన్సిలు ఆపి కోడలి మొహంలోకి అనుమానంగా చూసింది. అడిగినవన్నీ ఇంత సులువుగా వదిలేసుకుంటోందంటే ఏదో కిటుకు ఉండే ఉంటుంది.

"గది మాత్రం సముద్రం వైపే," అంది కోడలు.

"అదీ సంగతి! బయటికెళ్తే ఊరికే కనబడే దానికి డబ్బెందుకు పొయ్యాలమ్మా?"

"పొద్దున్నే లేచి కిటికీ తెరవగానే కనబడాలి."

ఇంతలో కొడుకు వచ్చాడు. ఇళ్ళకు రంగులేసే పని అతనిది. రంగుల డబ్బా గుమ్మం పక్కన పెట్టి చేతులు దులుపుకుంటుంటే తల్లి అందుకుంది.

"నువ్వైనా చెప్పరా! హనీమూనట, హనీమూను! నలుగురూ వింటే నవ్విపోతారు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "నన్ను మధ్యలోకి లాగకండి బాబోయ్! మీరూ మీరూ తేల్చుకోండి," అంటూ అన్నం తినే వంకతో వెనకగదిలోకి జారుకున్నాడు.

"నవ్వితే నవ్వనివ్వండి. ఆలస్యమైనా హనీమూన్ హనీమూనే," అంది కోడలు.

"వారం పాటు ఈ కొట్లో ఒక్క మనిషి ఎలా నెగ్గుకొస్తుంది?"

"నెగ్గుకొస్తుంది. కొంపలేం మునిగిపోవు."

అత్తగారు కాగితాన్ని కిందనుంచి పైకి ఒకసారి, పైనుంచి కిందికి ఒకసారి కూడుకుంటూ వెళ్ళింది. గల్లాపెట్టె ముందు ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి, ఆవిడ దగ్గర దాగేదేముంటుంది?

"అది సరే, ఇంత డబ్బు ఎక్కడిదే?"

కోడలు వెళ్ళి మిషన్‌కు దారం ఎక్కించసాగింది.

"కొత్త మిషన్‌కని దాచుకున్నదేనా?"

"వచ్చే ఏడు కొనుక్కుంటానులెండి."

"నీకేమన్నా మతిపోయిందా! ఈ పాతది తొక్కీ తొక్కీ నీ నడుం పడిపోతోంది. మోకాళ్ళకు తైలం రాసుకోవడం నేను చూడ్డంలేదనుకున్నావా? ఆ డబ్బు తీసుకెళ్ళి విమానాల్లో తగలేస్తానంటే నేనొప్పుకోను. మూడేళ్ళుగా నువ్వూ వాడూ ఊరు దాటింది లేదు. ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడు ఎందుకొచ్చిన ఖర్చు?"

"వెళ్ళనివాళ్ళకే కదా అత్తయ్యా తెలిసేది, వెళ్ళకపోతే ఎలా ఉంటుందో."

అనేసి కోడలు పెదవి కొరుక్కుంది. కాపురానికొచ్చిన కొత్తలో తనకు జ్వరమొస్తే కొట్టు మూసేసి మరీ మంచం పక్కన కూర్చున్న మనిషి ఈవిడ. ఆ మనిషి మాటకు ఎదురు చెప్పాలంటే ప్రాణం ఉసూరుమంటోంది. అయినా ఈ ఒక్కచోట తగ్గకూడదని గట్టిగా అనుకుంది.

"మీ మామయ్య పోయాక ఈ కొట్టునీ వాణ్ణీ ఒంటిచేత్తో లాక్కొచ్చాను," అంది అత్తగారు నెమ్మదిగా. "దండగ ఖర్చన్నది చేసెరగను."

"తెలుసు. అందుకే ఈ ఒక్క దండగా చేయనివ్వండి. నా మీద ఒట్టు. మీరు కాదంటే కొత్త మిషన్ కొన్నా దాని మీద నాకు కుట్టు పడదు."

అత్తగారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. కోడలు దగ్గరికొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"మొండిఘటం! కన్న కూతురైనా ఇంత పోట్లాడేది కాదు," అని అత్తగారు పెన్సిలు పక్కన పడేసింది. "సరే, నీ ఇష్టం. సముద్రమే కానీ. ఆపద సొమ్మని కొంచెం పక్కన పెట్టు. పరాయి దేశంలో చెయ్యి చాపితే ఎవరిస్తారు?"

కోడలు ఆ మాట పూర్తయ్యేదాకా కూడా ఆగలేదు. ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని అప్పటికప్పుడే ఏజెంటుకు ఫోన్ కలిపింది. అదృష్టం బాగుండి గది ఇంకా ఖాళీగానే ఉంది.

"టికెట్లు మీకూ మీవారికీనా అమ్మా?" అడిగాడు ఏజెంటు.

అత్తగారు గబుక్కున అటు తిరిగి, సర్ది ఉన్న గుండీల డబ్బాలనే మళ్ళీ సర్దడం మొదలుపెట్టింది.

"కాదండీ, మా అత్తయ్యకూ మా కొత్త మామయ్యకూ."