పోయినావిడకి ఆపరేషన్

"మీ అమ్మ పోయి రెండేళ్లయింది కదరా! ఆవిడకి సోమవారం ఆపరేషనేంటి?"

యూనియన్ అక్క దరఖాస్తు మీంచి తలెత్తి చూసింది. ఎదురుగా, చేతికంటిన సబ్బుని ప్యాంటుకి తుడుచుకుంటూ నురగ నిలబడి ఉన్నాడు. సబ్బుల ఫ్యాక్టరీలో కోత మిషను అతనిది. చిటికెలో పొంగి చిటికెలో చల్లారిపోతాడని తోటివాళ్లు ఆ పేరు పెట్టారు. ఇవాళ మాత్రం పొంగే ఓపిక లేదు పాపం.

"పోలేదక్కా. నిన్న బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది."

"మరి అప్పుడు పోయిందెవరు?"

"ఎవరూ పోలేదు." నురగ గొంతు తగ్గించాడు. "అప్పుడు అమ్మకి టైఫాయిడ్. నేను తప్ప చూసే దిక్కు లేదు. తల్లి మంచాన పడితే ఒక్కపూట సెలవివ్వరు, చస్తే మూడు రోజులిస్తారు. ఏం చెయ్యమంటావు? కాగితం మీద చంపేశా."

అక్క తల పట్టుకుంది. జబ్బుపడ్డ కన్నవాళ్లని చూసుకోవడానికి జీతంతో పదిరోజుల సెలవు కావాలని రెండేళ్లు కాళ్లరిగేలా తిరిగి, గొంతు పోయేలా అరిచి, మొన్ననే యాజమాన్యంతో ఒప్పందం మీద సంతకం పెట్టించింది. ఆ సెలవు కోసం ఫ్యాక్టరీ మొత్తం మీద వచ్చిన మొట్టమొదటి దరఖాస్తు ఇది. అదీ చచ్చిపోయిన మనిషి పేరు మీద!

"పోనీ అత్తగారని రాయి."

"పెళ్లెక్కడైందక్కా నాకు?"

"పిన్ని?"

"తల్లి, తండ్రి, భార్య, పిల్లలు. ఒప్పందంలో అంతే ఉంది. పిన్ని లేదు. కింద సంతకం నీదే."

"ఈ తెలివి అప్పుడు ఏ గంగలో కలిసింది?" అని కసిరింది అక్క. కసురుతూనే కుర్చీ లాగి కూర్చోబెట్టింది, మంచినీళ్లిచ్చింది, ఆస్పత్రిలో తోడెవరున్నారని అడిగింది. సాయంత్రం దాకా పక్కింటావిడ ఉంటుందట. ఆ తర్వాత ఎవరూ లేరట.

అక్క బీరువాలోంచి యూనియన్ దగ్గరుండే సెలవుల పుస్తకం తీసి, రెండేళ్ల వెనక్కి తిప్పింది. వేలు ఒకచోట ఆగిపోయింది.

"ఇదేంట్రా, మూడు రోజుల సెలవుకి ఐదు రోజులిచ్చాడు? ఆ సెలవుల ఆఫీసరు ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలడే!"

"నా ఏడుపు మొహం చూసి జాలిపడి ఉంటాడక్కా. నిజంగానే ఏడ్చాను, అమ్మ దక్కదేమోనని. అప్పట్నుంచీ ఆయన ఎదురుపడితే తప్పుకు తిరుగుతున్నా."

"సరే, విను. అబద్ధం చెప్పావని తేలిందా, నీ ఉద్యోగం పోతుంది. మొదటి దరఖాస్తే దొంగదని పట్టుకుని ఈ సెలవే ఎత్తేస్తారు, నాలుగొందల మందికీ."

నురగకి అమ్మ గుర్తొచ్చింది. పొద్దున ఆస్పత్రి మంచం మీద అమ్మ నొప్పికి పళ్లు బిగబట్టుకుని, "పనికి పోరా, నేనెక్కడికి పారిపోతాను" అని తరిమినంత పని చేసింది. అతను వార్డు గుమ్మం దాటాకే మూలిగింది. ఆ మూలుగు ఇంకా చెవుల్లోనే ఉంది.

చివాల్న లేచాడు. "వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేస్తా. ఉద్యోగం పోతే పోనీ. అమ్మని ఇంకోసారి చంపడం నా వల్ల కాదక్కా."

"ఒక్కడివే వెళ్తే బెల్లం కొట్టిన రాయిలా నిలబడతావు. పద."

సెలవుల ఆఫీసరు గదిలో పెన్సిళ్లు కూడా క్రమశిక్షణతో బారుగా పడుకుని ఉంటాయి. ఆయన దరఖాస్తు పైనుంచి కిందికి చదివాడు. మళ్లీ పైనుంచి మొదలుపెట్టాడు. నురగ ఇక ఆగలేకపోయాడు.

"సార్, అప్పుడు నేను చెప్పింది అబద్ధం," అనేశాడు. "మా అమ్మ బతికే ఉంది. నన్నేం చేసినా పడతాను. మిగతావాళ్లకి మాత్రం ఈ సెలవు తీసెయ్యకండి సార్. అక్క దీనికోసం చాలా కష్టపడింది."

అక్క పమిటతో కళ్లొత్తుకుంది.

ఆఫీసరు సొరుగు లాగి ముద్ర తీశాడు. దరఖాస్తు మీద ఠపీమని గుద్ది, కింద సంతకం పెట్టాడు.

"పాత పుస్తకంలో పొరపాటు దొర్లింది. దిద్దుకుంటాలే. ఆపరేషన్ ఎన్నింటికి?"

"ప... పదింటికి సార్." నురగ నోరు తెరుచుకునే ఉంది. "అప్పుడూ ఇంతే సార్. మీ దయవల్ల ఐదు రోజులు..."

"దయా లేదు, గియా లేదు." ఆఫీసరు కళ్లజోడు తీసి తుడవసాగాడు. రెండేళ్లుగా ఎవరూ చూడని నవ్వొకటి ఆయన మీసాల కింద కదిలింది. "రెండోరోజు పూలదండ పట్టుకుని పరామర్శకి మీ ఇంటికొచ్చాను. నువ్వు మందులకి వెళ్లావు. మంచం మీంచి ఒక పెద్దావిడ, ఎవరు బాబూ అన్నారు. ఫ్యాక్టరీలో సెలవులిచ్చేది నేనే, ఈ ఇంట్లో అమ్మగారు పోయారట కదా, మూడు రోజులిచ్చాను, కొడుకుని పలకరిద్దామని వచ్చానన్నాను."

"అయ్యో! అమ్మేమంది సార్?"

"ఒక్క క్షణం దండ వంక చూసి, 'పోయింది నేనే బాబూ, లోపలికి రా. మావాడికి మూడు రోజులేం సరిపోతాయి, ఇంకో రెండు రోజులివ్వు' అన్నారు."