మొదటి దీపం నాటి ఫొటో

పరదేశి వయసు ఆరేళ్ళు తగ్గాలి. అదీ శనివారంలోగా.

చోడవరంలో ఓ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళుగా బంట్రోతు అతను. రిజిస్టరులో పుట్టిన సంవత్సరం 1902 అని ఉంది. ఇప్పుడు నడుస్తున్నది 1957. అంటే ఈ శనివారంతో యాభై అయిదు నిండుతాయి, ఇక ఇంటికే. లేకలేక పుట్టిన కొడుకు ఇంకా ఫోర్తు ఫారంలో ఉన్నాడు. తన జీతం ఆగితే వాడి చదువూ ఆగుతుంది.

"రిజిస్టరులో తప్పడింది సార్. బజారు వీధిలో మొదటి దీపం పెట్టిన ఏడు నాను మాయమ్మ కడుపులో ఉన్నాను" అని మొత్తుకున్నాడు.

ఊళ్ళో పెద్దవాళ్ళందరి వయసుకీ లెక్క అదే. దీపాలకు ముందు, దీపాల తర్వాత.

కొత్తగా వచ్చిన ఆఫీసరు వేంకటరమణమూర్తికి ఈ లెక్కలు పట్టవు. "సాక్ష్యం ఏమిటి?" అన్నాడు.

మర్నాడు పరదేశి ఒక చేత్తో సాక్ష్యాన్నీ, మరో చేత్తో తల్లినీ పట్టుకొచ్చాడు. సాక్ష్యం ఒక ఫొటో. వెనకాల సిరాతో 1908 అని రాసి ఉంది. దీపస్తంభానికి వేసిన నిచ్చెన మీద పరదేశి తండ్రి. వీధి దీపాలు వెలిగించే పని ఆయనదే. కింద జనం. జనంలో ఓ చివర నిండు కడుపుతో పరదేశి తల్లి అచ్చియ్యమ్మ.

అచ్చియ్యమ్మ అబద్ధం ఆడదని ఊరంతటికీ తెలుసు. కోడలి పులుసు గురించి కూడా ఆడదు.

మూర్తి భూతద్దం తీశాడు. "ఈ అంచుకేమైంది? ఈవిడ చెయ్యి మణికట్టు దగ్గర తెగిపోయిందే?"

"సెదలు సార్" అన్నాడు పరదేశి, తల్లి నోరు తెరవకముందే. "తినీసినంత మేరా కత్తిరించేను."

"ఇది నువ్వేనా అమ్మా?"

"నానే బాబూ."

"కడుపుతో ఉన్నావా?"

"ఏడో నెల."

"పుట్టిందెవరు?"

"మగ గుంటడే. మీ దయవల్ల నిచ్చేపంగా ఉన్నాడు."

మూర్తి కలం తీసి ఆగాడు. ఇంకేదో అడగబోయాడు. పరదేశి చప్పున అడ్డుపడ్డాడు.

"సార్, మీరిప్పుడు అద్దెకున్న మేడ సూసేరా? అప్పుడది పూరిల్లు" అంటూ ఫొటో మీద వేలు పెట్టాడు.

"ఏదీ?"

పాత సంగతులంటే మూర్తికి పిచ్చి. భూతద్దం మళ్ళీ ఫొటో మీదికి వాలింది. రేడియో షాపు ఉన్నచోట బెల్లం కాటా. బస్సులు ఆగేచోట చెరుకు బళ్ళు. సైకిలు షాపు ఉన్నచోట ఉత్త బురదగుంట, అందులో రెండు గేదెలు.

"ఎంత మారిపోయిందయ్యా మీ వీధి" అని మురిసిపోయాడు. ఆ మురిపెంలోనే 1902 కొట్టేసి 1908 వేసి, సంతకం గీకేశాడు. ఆరేళ్ళ ఉద్యోగం నిలబడింది.

మెట్లు దిగుతుంటే పరదేశి కాళ్ళు నేలమీద ఆనలేదు. "పదమ్మా, మాడుగుల హల్వా కొనిపెడతాను" అన్నాడు.

అచ్చియ్యమ్మ కదల్లేదు. ఫొటోని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, కత్తిరించిన అంచును వేలితో తడుముతోంది.

"ఒరే పరదేశీ, నా సెయ్యట్టుకుని నిలబడ్డ నిన్ను సెదలు తినీసినాయనేట్రా, ఆ బాబు కడుపులో ఉన్న నీ తమ్ముడి గురించి అడిగేడు?"