తొడిమ

"కాయ కోసేటప్పుడు తొడిమ ఎంత ఉంచుతావు?" అని అడిగింది మంత్రసాని జోజమ్మ.

గంగరాజు తెల్లబోయాడు. రెండు కోసుల దూరం నడిచి రెడ్డిగూడెం వచ్చింది పురుడు పొయ్యడం నేర్చుకోడానికి గాని, మామిడికాయల సంగతి చెప్పడానికి కాదు.

"రెండు వేళ్ళండి. మొదలంటా తుంపితే సొన కారి కాయ పాడైపోద్ది."

"బొడ్డూ అంతే. మొదలంటా కొయ్యకూడదు. మరగబెట్టిన దారంతో రెండు చోట్ల కట్టి, మధ్యలో కొయ్యి."

స్వతంత్రం వచ్చిన మరుసటి వేసవి అది. పురిటి సంగతులు అడిగే మగవాణ్ణి ఆ చుట్టుపక్కల ఎవరూ చూసి ఎరగరు. అందుకే బయల్దేరేటప్పుడు భార్య సరోజ మరీ మరీ చెప్పింది. "అక్కడ నా పేరెత్తకు. నవ్విపోతారు." దారిలోనే ఇంకో మంత్రసాని ఇల్లున్నా, జోజమ్మ హస్తవాసి మంచిదని ఇక్కడికే పంపింది.

నడుం పట్టిన తోటకూలీలు, పట్టు వదులుతుందని సరోజ చేత కాలితో తన్నించుకుని మరీ పనిలోకి వెళ్ళేవారు. అలాంటి మనిషి ఇప్పుడు కూర్చుని లేవడానికే ఆయాసపడుతోంది. వానాకాలం వాగు పొంగితే మామిడితోటలో తమ కాపలా గుడిసెకి ఎవరూ రాలేరు. ఆమె ప్రాణం తన చేతుల్లోనే ఉందని గంగరాజు భయం.

"నెప్పులొచ్చే నాటికి మీరే వస్తే..."

"ఆ వైపు తోటల్లో అడుగుపెట్టనని మా ఆయనకి ఒట్టేశాను. బతిమాలకు."

ఎందుకని అతను అడగలేదు. ఆవిడా అతని భార్య పేరు అడగలేదు.

"తొలి కాన్పు పుట్టింట్లో కదా జరగాలి! వాళ్ళు లేరా?"

"ఉన్నారండి. పిలవలేదు. ఏ ఊరో నాకూ చెప్పదు."

జోజమ్మ చేటలోకి వంగి, బియ్యంలో లేని రాళ్ళు ఏరింది.

ప్రతి గురువారం వచ్చాడు గంగరాజు. కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ తల ఎక్కడుందో పోల్చుకోవడం నేర్చుకున్నాడు. ఆవిడ ఎంత కసిరినా మారుమాట్లాడేవాడు కాదు. ఆ ఓపిక చూసి జోజమ్మకి లోలోపల ముచ్చటేసేది.

"కాన్పయ్యాక మెంతులు పెట్టాలి. చేదని ఉమ్మేస్తుంది, బెల్లం కలుపు."

"మీకెలా తెలుసండి?"

"ఇన్ని పురుళ్ళు పోశాను, ఆ మాత్రం తెలియదా?"

ఆషాఢంలో ఒక ఉదయం జల్లులో తడుస్తూ పరుగెత్తుకొచ్చాడు. సరోజ దగ్గర కూలిమనిషి అచ్చమ్మని కూర్చోబెట్టి వచ్చాడు.

"నెప్పులు మొదలయ్యాయండి. తల గట్టిగా, గుండ్రంగా పైనే తగుల్తోంది. బిడ్డ ఎదురుకాళ్ళండి! నావల్ల కాదు." అతనికి ఏడుపు ఆగలేదు.

జోజమ్మ సంచీ అందుకుంది. లోపలినుంచి భర్త సలోమోను కేకేశాడు.

"నాకేసిన ఒట్టు మాటేంటి?"

"తీసి గట్టున పెట్టాను."

గంగరాజు దారి చూపించబోయేలోపే ఆవిడ వాగు వైపు తిరిగింది. నాలుగడుగులు వేసి, అతను ఇంకా అక్కడే నిలబడటం చూసి ఆగింది.

"భయపడకు అబ్బాయ్, మా సరోజ కూడా ఎదురుకాళ్ళతోనే పుట్టింది."