అటు నుంచి వరస

"ఆపదలో ఎవరికి ఫోన్ చెయ్యాలన్న గడి అందరికీ ఖాళీగా వస్తోందేంటి?" ప్రోగ్రామర్ వెనక నిలబడి, కంప్యూటర్ తెర చూస్తూ అడిగింది సీనియర్.

"సిబ్బంది పేర్ల టేబుల్‌కీ బంధువుల టేబుల్‌కీ లింకు లేదక్కా. మనం చెప్పందే ఈ టూల్ వరస కలపదు," అంటూ ప్రోగ్రామర్ లింకు రాశాడు.

ఒక్కొక్కరి పేరు పక్కనా భార్యలు, తమ్ముళ్లు, అత్తగార్లు బిలబిలమంటూ వచ్చి చేరారు. అతని పేరు పక్కన మాత్రం ఎవరూ రాలేదు.

"నీది ఇంకా సరికాలేదే!"

"సరిగ్గానే ఉందక్కా. రాయడానికి ఎవరూ లేరు."

"ఎవరు ఎవరి పేరు రాశారో అటు నుంచీ కనిపించాలిగా, ఆ లింకు కూడా రాయి," అంది.

రాశాడు. అతని పేరు కింద, అతన్ని రాసుకున్న ఒకరి వరుస తేలింది. ఆ పేరెవరిదో అతనికి తెలియలేదు. పక్కన ఉద్యోగం చదివాక తెలిసింది. గేటు దగ్గర వాచ్‌మన్. రోజూ తను తలైనా తిప్పకుండా దాటిపోయే మనిషి. బండి తాళం పోయిన రోజు, దొరికితే చెప్పమని తనే ఆయనకు నంబరిచ్చాడు.

'ఏమవుతారు' అన్న చోట 'మావాడే' అని రాసి ఉంది.

"ఇది టూల్ పొరపాటా?" అడిగింది అక్క.

"కాదక్కా," అన్నాడు. "నాదే."