బేరింగుకో ఐసు ముక్క

“ఇంకొక్క దెబ్బ వేసినానంటే బేరింగు పగిలిపోద్ది. తర్వాత నన్ను అనబాక,” అని మెకానిక్కు మౌలా సుత్తి కింద పెట్టేశాడు.

పరంజ్యోతికి ఏడుపొక్కటే తక్కువ. గంటలో అయిపోతుందన్న పని, పొద్దు నడినెత్తికొచ్చినా కాలేదు. గూడూరులో అభ్రకం షావుకారు చెంచురామయ్య దగ్గర గుమాస్తా అతను. రాత్రి సొంతూరు మైపాడు నుంచి వచ్చిన చేపల లారీ డ్రైవరు గుమ్మంలో నిలబడి, “మీ అమ్మకి బాగలేదంట, ఉన్నపళాన రమ్మన్నారు,” అని చెప్పి పోయాడు. తెల్లవారక ముందే షావుకారు కాళ్ళావేళ్ళా పడి, ఆయన మోటారు సైకిలు తీసుకుని బయలుదేరాడు పరంజ్యోతి. ఏం లాభం? ఎప్పుడో యుద్ధంలో సిపాయిలు తోలి తోలి వదిలేసిన బండి అది. నెల్లూరు పొలిమేరకు వచ్చేసరికి ముందు చక్రం కీచుమని అరిచి, తాగినవాడిలా అటూ ఇటూ ఊగి, ఇక రానని మొరాయించింది. మైపాడు బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. మళ్ళీ సాయంత్రం దాకా లేదు.

“గంటలో ఇస్తానంటివి గదా మౌలా.”

“అంటిని. పాత బేరింగు అట్టా పట్టుకోనుంటదని నేను కలగన్నానా? దాన్ని పీకేతలికే పానం పోయింది. ఇప్పుడు కొత్తది దిగనంటా ఉండాది.”

“మరి ఎట్టా?”

మౌలా నుదుటి చెమట తుడుచుకున్నాడు. “చక్రం మధ్యన ఈ హబ్బు ఉండాదే, దీన్ని నిప్పుల మీద కాస్తా. కొంచెం సాగతది. బేరింగుని ఐసులో పెడితే కొంచెం ముడుచుకుంటది. అప్పుడు అత్తారింట్లోకి అల్లుడొచ్చినట్టు నిమ్మళంగా దిగతది. నిప్పులు నాకాడుండాయి. ఐసు నువ్వు తేవాల.”

రోహిణి కార్తె ఎండ. రోడ్డు మీద కాలు పెడితే బొబ్బలెక్కుతోంది. పరంజ్యోతి కాలు కాలిన పిల్లిలా సోడా అంగళ్ళన్నీ తిరిగాడు. కరెంటు లేక ఐసు ఫ్యాక్టరీ ఆగిపోయిందని అందరూ ఒకటే పాట. చివరికి మౌలా షెడ్డుకు ఎదురుగానే ఉన్న చోటే సాహెబ్ ఐసు డిపోలోకి వచ్చి పడ్డాడు. అక్కడ మాత్రం ఊక కుప్పలో ఒక దిమ్మ కనబడింది. ప్రాణం లేచొచ్చింది అతనికి.

“అది ఇచ్చేది కాదు అబ్బయ్యా,” అన్నాడు చోటే సాహెబ్, బీడీ నోట్లోంచి తియ్యకుండానే. “మైపాడోళ్ళది. పొద్దున బస్సు డ్రైవరుతో చెప్పి పంపినారు. లారీ ఎప్పుడొస్తే అప్పుడు ఎత్తకపోతారు.”

“మాదీ మైపాడే సాహెబ్. ఒక ముక్క చాలు. అరచేతంత.”

“గునపం వేస్తే దిమ్మ యాడ చీలతదో చెప్పలేం. ఒకరికి మాటిచ్చిన సరుకు నేను పగలగొట్టను.”

“మా అమ్మకి బాగలేదు సాహెబ్. బేరింగు దిగితే గాని బండి కదలదు.”

“ఎవరి కష్టం వాళ్ళకి ఉంటది నాయనా. వాళ్ళ సరుకు పాడైపోతే నేనేం చెప్పేది?”

పరంజ్యోతికి ఎక్కడ లేని ఉక్రోషం వచ్చింది. “చచ్చిన చేపలే గదా సాహెబ్. ఒక పూట ఆలస్యమైతే కంపు కొడతాయి, అంతే గదా. మా అమ్మ బతికుండాది. ఆమెకి నేనొక్కణ్ణే. కళ్ళు మూసేలోగా నా మొహం చూడాలని వాకిలి వైపే చూస్తా ఉంటాది.” మగవాడు, అంత మనిషి, నడిబజారులో తువ్వాలు మొహాన కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

చోటే సాహెబ్ బీడీ పారేశాడు. “మా అమ్మీ పోయేటప్పుడు నేనూ దగ్గర లేను,” అంటూ గునపం అందుకున్నాడు. అరచేతంత అనుకున్నది చేటంత ఊడొచ్చింది. “తీసకపో. మైపాడోళ్ళకి నేను చెప్పుకుంటాలే.”

తువ్వాల్లో చుట్టుకుని, కారే నీళ్ళతోనే రోడ్డు దాటి పరుగెత్తాడు పరంజ్యోతి. మౌలా బేరింగును ఐసు ముక్కల్లో కప్పెట్టాడు. హబ్బు కింద నిప్పులు రాజేశాడు. కాసేపటికి బేరింగు తీసి, గుడ్డతో తుడిచి, కాలిన హబ్బులో పెట్టి బొటనవేళ్ళతో నొక్కాడు. చప్పుడు లేకుండా కూర్చుంది. గ్రీజు పూసి, చక్రం బిగించి ఒక తిప్పు తిప్పితే, కీచు లేదు, ఊగుడు లేదు, గిర్రున తిరుగుతోంది. పొద్దుటి నుంచి మొదటిసారి పరంజ్యోతి మొహంలో కాస్త కళ వచ్చింది. మౌలాకి చేతులెత్తి దండం పెట్టి బండి ఎక్కాడు.

కిక్కు మీద కాలు పెట్టాడో లేదో, ఎదురుగా ఐసు డిపో ముందు మైపాడు లారీ వచ్చి ఆగింది. అందులోంచి దిగిన మనిషి పరంజ్యోతి మేనమామ మస్తానయ్య. దిమ్మ మీది ఊక తోసి చూసి, “ఏంది సాహెబ్ ఇది? మూలంతా ఎవురు కొట్టినారు? పొద్దు గూకేదాకా ఇది చాలొద్దా మాకు?” అని గట్టిగా అడిగాడు. చోటే సాహెబ్ ఎదర షెడ్డు వైపు చెయ్యి చూపించాడు.

పరంజ్యోతి బండి దిగి పరుగున వచ్చాడు. “నేనే మామా. బేరింగు దిగలేదు, అందుకని అడుక్కున్నా. కోప్పడబాకు, చేపలకి ఇంకేదన్నా చూద్దాం. ముందు అమ్మకి ఎట్టుండాదో చెప్పు.”

మస్తానయ్య మేనల్లుడి మొహంలోకి చూడలేక దిమ్మ మీద ఊక సర్దాడు.

“ఈ ఐసు చేపలకి కాదురా. తలకొరివి పెట్టాల్సిన కొడుకువి, నువ్వొచ్చిందాకా మీ అమ్మని ఉంచాల గదా.”