మెట్ల మీద ఎర్ర మరకలు

"మళ్ళీ మెట్ల మీదే ఉమ్మారా అత్తా?"

ఫికున్ కొబ్బరిపీచుతో మెట్టు రుద్దుతోంది. మూడు రోజులుగా పొద్దున్నే ఇదే చాకిరీ. పై మెట్టు మీద కూర్చున్న బున్‌మా కోడలి వంక చూడనైనా చూడలేదు.

"నేను కాదే తల్లీ."

"మీరు కాకపోతే గుళ్ళో భిక్షువు వచ్చి ఉమ్మాడా? ఈ ఇంట్లో తాంబూలం వేసేది మీరొక్కరే. ఆదివారం ఆ పొలం ఎలుకలు కాల్చుకు తిన్నప్పటి నుంచీ మరీ ఎక్కువైంది."

"నువ్వు ముక్కు మూసుకున్నావు కాబట్టి నేనూ మోకూ చెరిసగం తిన్నాం. అదీ తప్పేనా?"

పేరు వినగానే, స్తంభాల మీద కట్టిన ఆ ఇంటి కిందనుంచి కుక్క లేచి వచ్చింది. నాలుగడుగులు వేసి కూలబడింది. దాని ముక్కులోంచి ఒక చుక్క మెట్టు మీద పడింది. ఫికున్ తుడుస్తున్న మరక కూడా సరిగ్గా అదే రంగు.

ఆమె పీచు పక్కన పడేసింది. మోక్ ఒళ్ళంతా తడిమింది. ఎక్కడా గాయం లేదు. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉన్నాయి.

"వడదెబ్బ అమ్మాయ్," అన్నాడు పక్కింటి సక్ బాబాయి కంచె మీదుగా. "నీడన పడుకోబెట్టు. కుక్కకి దాని నాలుకే మందు."

"నాక్కోడానికి గాయమేదీ బాబాయ్?"

మోటారుసైకిల్ పక్కబండిలోని కూరల గంపలు కింద పడేసి, మోక్‌ని ఎత్తి అందులో పడుకోబెట్టింది. పశువుల డాక్టరు ఉండే ఊరు ఇరవై కిలోమీటర్లు. దారి పొడుగునా "కళ్ళు మూయకురా, నా తండ్రి కదూ" అంటూనే ఉంది. మూడు రోజులు వాడి నెత్తురు తన చేతులతోనే కడిగేసింది. అది తలుచుకుంటే ఏడుపు ఆగలేదు.

డాక్టరమ్మ చూస్తూనే సూది అందుకుంది.

"గాయం లేకుండా నెత్తురు కారితే గంట కూడా ఆగకూడదమ్మా. ఇది ఎలుకలమందు పని. లోపల నెత్తురు గడ్డకట్టదు."

"మా ఇంట్లో ఆ మందే లేదండీ."

"మీ ఇంట్లో ఉండక్కర్లేదు. పొలాల్లో పెడుతున్నారుగా. మందు తిన్న ఎలుకను తిన్నా చాలు."

పొలాల వెంట తిరిగే కుక్క, ఏ గట్టు మీదో పట్టుకుని ఉంటుందనుకుంది ఫికున్. మధ్యాహ్నానికి మోక్ తోక కదిలింది. గండం గడిచింది, నాలుగు రోజులు ఇక్కడే ఉంచండన్నారు.

ఇంటికొస్తూ దారిలో తమలపాకులు, వక్కలు కొంది. అత్త కాళ్ళ దగ్గర కూర్చుని కట్ట ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"తప్పైపోయింది అత్తా. అంతా మోక్ నెత్తురే. ఇక మీ ఇష్టమొచ్చిన చోట ఉమ్మండి."

బున్‌మా కట్ట పక్కకు నెట్టేసింది.

"ఇప్పుడెందుకే? చిగుళ్ళు నొప్పిగా ఉండి నాలుగు రోజులుగా వక్క ముట్టలేదే."

అని, పక్కకు తిరిగి ఉమ్మింది. మెట్టు మీద ఎర్రగా పడింది.