అత్త ఒడిలో ఇనుప కెటిల్

“అయ్యో, దానికి సబ్బు పెట్టకూడదండీ!”

కనకవల్లి పరుగున వచ్చి సూరాయమ్మ చేతిలోంచి కెటిల్ లాక్కుంది. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. ముసలావిడ ఇనుప పీచుతో లోపలంతా గీకేసింది. నల్లటి నునుపు పోయి గీతలు తేలాయి.

సూరాయమ్మ బిత్తరపోయి చూసింది.

“ఏమనుకోవాకమ్మా,” అంటూ అంకాలమ్మ వంటింట్లోకి వచ్చింది. “పక్షవాతమొచ్చి మా అత్తకు మాట పడిపోయింది. చేతులు గూడా అంత వాటంగా ఆడవు. తోమొద్దంటే ఇనదు. ఊరికే కూసోని తినేదానికి సిగ్గు పడతాది.”

కనకవల్లికి తన కేక తనకే చెడ్డగా తోచింది. అయినా ఆ కెటిల్ అంటే ఆమెకు ప్రాణం. జూలైలో పెళ్లిరోజుకని కువైట్ మిర్కాబ్‌లో జపాను సామాన్ల కొట్టుకు వెళ్లి ఏరి కొనుక్కుంది. పోత ఇనుముది, ఒంటినిండా చిన్న చిన్న బుడిపెలు. వరప్రసాద్ దాన్ని ఎత్తి చూసి, “టీ పెట్టడానికా ఇది, దొంగల్ని కొట్టడానికా?” అని నవ్వాడు. అందులో నీళ్లే కాచాలి, పాలూ టీపొడీ వేయకూడదు, వాడగానే వంపేసి సన్నటి సెగమీద ఆరబెట్టాలి అని కొట్టువాడు ఆమె చేత అప్పజెప్పించుకుని మరీ పంపాడు.

ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగింది. వరప్రసాద్ పనిచేసే కంపెనీ మూతపడింది. ఆ తర్వాత కొద్దిరోజులకే ఖైతాన్‌లో వాళ్ల ఫ్లాట్ తలుపు తట్టి, అత్తను వెంటబెట్టుకుని అంకాలమ్మ నిలబడింది. అబ్బాసియా కూరగాయల కొట్టు దగ్గర కలిసినప్పుడు తెలుగు మాట్లాడుకున్న పరిచయం, అంతే. అత్తాకోడళ్లిద్దరూ ఒకే ఇంట్లో పనిచేస్తున్నారట.

“మా మామా కొడుకు మిలిట్రీలో ఆఫీసరమ్మా. తప్పించుకోని యాడికో పాయ. ఇంటోళ్లను ఇరాకోళ్లు ఎతికి పట్టుకపోతాండారు. మేము ఎనక వాకిలి గుండా వచ్చేసినాం.”

“మరి మీ మామా ఎక్కడ?”

అక్కడ పనివాళ్లు యజమానురాలిని ‘మామా’ అనే పిలుస్తారు. ఆ మాటకు సూరాయమ్మ తలెత్తింది. అంకాలమ్మ అత్త పైట సర్దుతూ, “దేవుడే కాపాడాలమ్మా,” అంది.

ఆ కోడలి సేవ చూస్తే కనకవల్లికి ముచ్చటేసేది. అత్తకు రోజూ చీర కట్టేది తనే. కుచ్చిళ్లు జారితే మళ్లీ దోపేది తనే. ముందు అత్తకు పెట్టి, ఆమె తిన్నాకే తను తినేది.

“ఇలాంటి అత్తాకోడళ్లను నేనెక్కడా చూడలేదండీ,” అంది కనకవల్లి భర్తతో.

“ఒకరికి మాట రాదుగా, అందుకే పొసిగింది,” అన్నాడు వరప్రసాద్. ఆమె మోచేత్తో ఒక్కటి పొడిచింది.

మర్నాటికల్లా కెటిల్ లోపల తుప్పు లేచింది. కనకవల్లి సూరాయమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, తుప్పుకు ఇదే మందని కొట్టువాడు చెప్పినట్టు, వాడేసిన టీ ఆకు గుడ్డలో మూటగట్టి అందులో వేసి మరిగించింది. నీళ్లు సిరాలా నల్లబడ్డాయి. రెండు మూడుసార్లు అలా కాచేసరికి తుప్పు ఆగి, నల్లటి పొర కట్టింది. సూరాయమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. అప్పటినుంచి కెటిల్ సంరక్షణ ఆవిడదే. నీళ్లు వంపడం, ఆరబెట్టడం, మెత్తటి గుడ్డతో తుడవడం. బయట తుపాకులు మోగినప్పుడు దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. కనకవల్లి వెళ్లి ఆమె భుజానికి ఆనుకునేది. తల్లి లేని కనకవల్లికి ఆ భుజం అలవాటైపోయింది.

సెప్టెంబరులో మనవాళ్లు బస్సుల్లో జోర్డాన్ మీదుగా బయల్దేరసాగారు. అత్తాకోడళ్ల పాస్‌పోర్టులూ, అక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కాగితాలూ యజమాని ఇంట్లోనే ఉండిపోయాయి. వాళ్లిద్దరూ మావాళ్లేనని వరప్రసాద్ సంతకం పెట్టి తాత్కాలిక కాగితాలు తెచ్చాడు.

“బరువండీ, కెటిల్ వదిలేద్దాం,” అంది కనకవల్లి. సూరాయమ్మ తల అడ్డంగా ఊపి, దాన్ని తన కొంగులో చుట్టుకుంది.

బస్రా, బాగ్దాద్ దాటి, ఎడారి దుమ్ము మింగుతూ సరిహద్దుకు చేరారు. ఇరాకీల ఆఖరి తనిఖీ అది. ఒక అధికారి బస్సెక్కి, కాగితాలు చూస్తూ వచ్చి సూరాయమ్మ దగ్గర ఆగాడు.

“పేరు?” అన్నాడు అరబ్బీలో.

“ఖర్సా,” అంది అంకాలమ్మ, మూగది అని.

అతను నమ్మినట్టు లేదు. కిందికి వంగి, కన్నకొడుకు పలకరించినంత మెత్తగా అరబ్బీలోనే అడిగాడు.

“నీకెంతమంది కొడుకులమ్మా?”

సూరాయమ్మ కనురెప్ప కూడా కదపలేదు. అతను చటుక్కున కొంగు మూట లాగాడు. కెటిల్ బయటపడింది. ఆమె పిడి వదల్లేదు. అతను లాగుతున్నాడు, ఆమె బిగబడుతోంది. కనకవల్లి సీట్లోంచి లేచింది.

“వదిలేయండి సార్! ఇనుముది, ఇనుము!” అని వచ్చిన అరబ్బీ, రాని అరబ్బీ కలిపి అరిచింది. “మా అమ్మ ఆవిడ!”

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. అధికారి మూత తీసి లోపలికి చూశాడు. పకపకా నవ్వాడు.

“పాత ఇనుము కోసం ఇంత యుద్ధమా! హిందీ ముసలిది!”

హిందీ అంటే వాళ్ల భాషలో ఇండియా మనిషి. అతను దిగిపోయాడు. బస్సు కదిలింది.

జోర్డాన్‌లో గుడారాల దగ్గర దిగాక కనకవల్లి మూడు రాళ్లు పేర్చి కెటిల్ పెట్టింది. నీళ్లు సన్నగా పాడసాగాయి. ఆమె సూరాయమ్మ చేతులు పట్టుకుంది.

“నాతో విజయవాడ వచ్చేయండి. మా ఇంట్లోనే ఉందురుగాని.”

సూరాయమ్మ ఆమెను గుండెకు హత్తుకుని, శబ్దం రాకుండా వెక్కివెక్కి ఏడ్చింది. అంకాలమ్మ సరిహద్దు వైపు ఒకసారి తిరిగి చూసి, వచ్చి ముసలావిడ ముందు కూర్చుని అరబ్బీలో అంది.

“ఇంక మాట్లాడొచ్చు, మామా.”